బస్తా మీద చీటీ: టైప్‌స్క్రిప్ట్ ప్రాజెక్టులో ఎస్‌వీజీ బొమ్మలు

(హనుమకొండలో ఇంజనీరింగ్ విద్యార్థులతో జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకి రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. తెర మీద అక్షరాలు చిన్నగా ఉంటాయి, అక్కడి నుంచి కనపడవు.

ఈ రోజు ఒక్క ఎర్రగీత గురించి మాట్లాడతాను. మీలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. కొత్తగా టైప్‌స్క్రిప్ట్ ప్రాజెక్టు, అంటే ఏ విలువ ఏ రకమో (టైప్) ముందే చూసుకునే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు, మొదలుపెడతారు. లోగో ఫైలు ఫోల్డర్‌లో పెడతారు. పైన ఇంపోర్ట్ లోగో ఫ్రమ్ అని రాసి, డాట్ స్లాష్ లోగో డాట్ ఎస్‌వీజీ అని దారి ఇస్తారు. వెంటనే కింద ఎర్రగీత వస్తుంది. మౌస్ పెట్టి చూస్తే ఎర్రర్ నంబర్ 2307. ఈ మాడ్యూల్ గానీ దాని టైప్ వివరాలు గానీ దొరకడం లేదు అంటుంది. ఫైలు చూస్తే పక్కనే ఉంది. పేరు సరిగ్గానే రాశాం. మరి దొరకకపోవడమేంటి అని టెన్షన్ మొదలవుతుంది.

అప్పుడు ఎక్కడో వెతికి, నాలుగు లైన్లు తెచ్చి అతికిస్తాం. గీత పోతుంది. హమ్మయ్య అనుకుని ముందుకెళ్తాం. నేనూ కొన్నేళ్లు అలాగే చేశాను. ఆ నాలుగు లైన్లు మన దగ్గర ఏం రాయించుకున్నాయో తెలియక ఒక సెలవు రోజున పడ్డ ఇబ్బంది ఉంది, దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ ఫైలు లోపల ఏముందో చూద్దాం.

మీ ఇంట్లో అమ్మ గానీ నాయనమ్మ గానీ సంక్రాంతికి ముగ్గు నేర్పేటప్పుడు ఎలా చెప్తారు? 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు. అంతే. ఆ ఒక్క ముక్క పట్టుకుని వాకిలి చిన్నదైతే చిన్న ముగ్గు, పెద్దదైతే పెద్ద ముగ్గు వేస్తారు. గీత ఎక్కడా చెదరదు. అదే ముగ్గుని ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేయండి, గళ్లు గళ్లుగా విడిపోతుంది. ఫొటో అంటే రంగు చుక్కల గుంపు. ఎస్‌వీజీ అంటే ముగ్గు ఎలా వేయాలో చెప్పే మాట. బొమ్మ గీసే పని బ్రౌజర్‌ది. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ దీన్ని 2001లో ప్రమాణంగా ప్రకటించింది, అప్పటి నుంచీ ఇదే మాట నడుస్తోంది.

ఇదిగో, మిర్చి ఐకాన్ ఒకటి మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. పైన ఎస్‌వీజీ అనే ట్యాగు. దాంట్లో వ్యూబాక్స్, 0 0 24 24 అని నాలుగు అంకెలు. వాకిలి ఎంత అన్నది అవి చెప్తాయి. కింద పాత్ అని ఉంది. దాని లోపల ఎం అక్షరం వస్తే చెయ్యెత్తి ఫలానా చోట పెట్టమని. ఎల్ వస్తే అక్కడి నుంచి తిన్నగా గీత లాగమని. సీ వస్తే వంపు తిప్పమని. జెడ్ వస్తే మొదలుపెట్టిన చోటికి తెచ్చి కలిపెయ్యమని. మిర్చి తొడిమ దగ్గర ఈ వంపు చూడండి, ఇదంతా ఒక్క సీ, దాని వెనక ఆరు అంకెలు. మొత్తం ఫైలు పది లైన్లు లేదు. చదవగలిగే అక్షరాలే.

ఇది ఎందుకు చూపించానంటే, ఈ ఫైల్‌ని రెండు మూడు రకాలుగా వాడుకోవచ్చు. దీని చిరునామా మాత్రం తీసుకుని ఇమేజ్ ట్యాగులో పెట్టొచ్చు. లేదా దీని లోపలి గీతల్నే పేజీలో కలిపేసి, రియాక్ట్ కాంపొనెంట్‌లాగా, అంటే రియాక్ట్ లైబ్రరీతో పేజీ కట్టేటప్పుడు వాడే ఒక ముక్కలాగా, వాడొచ్చు. లేదా ఉన్నదున్నట్టు అక్షరాల వరసగా తీసుకోవచ్చు. ఫైలు ఒక్కటే. ఇంపోర్ట్ చేస్తే చేతికి ఏం వస్తుందన్నది ఫైలు చెప్పదు. ఎర్రగీత కథ మొత్తం ఇక్కడే ఉంది.

మరి ఎవరు చెప్తారు? మన ప్రాజెక్టులో ఇద్దరు పనివాళ్లు ఉంటారు. ఒకరు బండ్లర్. వెబ్‌ప్యాక్ కావచ్చు, వీట్ కావచ్చు. ఫైళ్లన్నీ తెరిచి, కలిపి, బ్రౌజర్‌కి పంపేది ఆయనే. ఇంకొకరు టైప్‌స్క్రిప్ట్ కంపైలర్. రకాలు సరిపోతున్నాయా లేదా అని చూడడమే ఆయన పని. ఈ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఇది బాగా గుర్తుంచుకోండి.

మన ఎనుమాముల మార్కెట్ యార్డుని ఊహించుకోండి. లోపలికి బస్తాలు వస్తున్నాయి. ప్రతి బస్తా మీదా ఒక చీటీ అంటించారనుకోండి. గేటు దగ్గర కూర్చున్నతను చీటీ మాత్రమే చదువుతాడు, బస్తా విప్పడు. లోపల కాంటా దగ్గర ఉన్నతను బస్తా విప్పి సరుకు చూస్తాడు, చీటీ చదవడు. కంపైలర్ గేటు దగ్గరి మనిషి. బండ్లర్ కాంటా దగ్గరి మనిషి.

టీఎస్, టీఎస్‌ఎక్స్, జేఎస్, ఇలాంటి ఫైళ్లలో ఏముందో కంపైలర్ తనే చదువుకోగలడు. జేసన్ కూడా, సెట్టింగ్ పెడితే చదువుతాడు. ఎస్‌వీజీ మాత్రం ఆయనకి చీటీ లేని బస్తా. అందుకే 2307. ఫైలు లేదని కాదు, దాని గురించి తనకి ఎవరూ చెప్పలేదని ఆ మాట.

చీటీ రాయడం ఇలా. ఎస్‌ఆర్‌సీ ఫోల్డర్‌లో ఒక డాట్ డీ డాట్ టీఎస్ ఫైలు, అంటే టైపుల వివరాలు మాత్రమే రాసే ఫైలు, పెట్టండి. దాంట్లో డిక్లేర్ మాడ్యూల్ అని రాసి, కోట్స్ లోపల స్టార్ డాట్ ఎస్‌వీజీ అని పెట్టండి. బ్రాకెట్ తెరిచి, కాన్‌స్ట్ ఎస్‌ఆర్‌సీ, దాని రకం స్ట్రింగ్, అంటే అక్షరాల వరస. కింద ఎక్స్‌పోర్ట్ డీఫాల్ట్ ఎస్‌ఆర్‌సీ. బ్రాకెట్ మూసెయ్యండి. డాట్ ఎస్‌వీజీతో ముగిసే ఏ పేరైనా సరే, దాన్ని ఇంపోర్ట్ చేస్తే ఒక స్ట్రింగ్ వస్తుందని మనం మాటిస్తున్నాం. స్టార్ పెట్టి ఇలా ఒకేసారి చెప్పే సౌకర్యం టైప్‌స్క్రిప్ట్ 2.0తో, 2016లో వచ్చింది.

మాటిస్తున్నాం అన్నాను చూడండి, ఆ మాట అలవోకగా అనలేదు. కంపైలర్ మన మాట నమ్ముతాడు, అంతే. పరీక్షించడు. కావాలంటే ఇప్పుడే చూపిస్తాను. మిర్చి డాట్ ఎస్‌వీజీ బదులు మిర్ర్చి అని తప్పు రాస్తున్నాను. ఎర్రగీత రాలేదు చూడండి. ఆ పేరుతో ఫైలే లేదు, అయినా కంపైలర్‌కి అభ్యంతరం లేదు. చీటీ మీద స్టార్ ఉంది కదా. బండ్లర్‌ని నడిపినప్పుడే దొరుకుతుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు తేడాగా రాసినా చాలాసార్లు నడిచిపోతుంది. లినక్స్ సర్వర్ మీదికి వెళ్లాక ఫైలు దొరకలేదని బిల్డ్ ఆగిపోతుంది. బొమ్మ ఫైళ్ల పేర్లన్నీ చిన్న అక్షరాల్లో పెట్టమని మా టీములో కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చెప్తాను.

ఇక నేను చెప్తానన్న సెలవు రోజు సంగతి. మేము రైతుల కోసం రోజువారీ మిర్చి, పత్తి ధరలు చూపించే చిన్న వెబ్ యాప్ చేశాం. మొదట వెబ్‌ప్యాక్ మీద ఉండేది. దాంట్లో ఎస్‌వీజీఆర్ అనే లోడర్ పెట్టుకున్నాం. ఎస్‌వీజీ ఫైల్‌ని ఇంపోర్ట్ చేస్తే నేరుగా రియాక్ట్ కాంపొనెంట్ ఇస్తుంది. మా చీటీలో కూడా అలాగే రాసుకున్నాం, కాంపొనెంట్ అని. సరుకూ చీటీ సరిపోయాయి. తర్వాత బిల్డ్ ఆలస్యం అవుతోందని వీట్‌కి మారాం. కోడ్ అంతా తెచ్చాం, దాంతోపాటు పాత చీటీ ఫైలు కూడా తెచ్చాం. వీట్ తనతో తెచ్చే టైపుల ఫైల్‌ని కలుపుకోలేదు, మా దగ్గర ఉంది కదా అనుకున్నాం.

వీట్ అలవాటు వేరు. మీరు ఏమీ చెప్పకపోతే ఎస్‌వీజీ ఇంపోర్ట్‌కి చిరునామా ఇస్తుంది, ఒక స్ట్రింగ్. మా చీటీ మాత్రం కాంపొనెంట్ అంటోంది. కంపైలర్ చీటీ చూసి పంపించేశాడు. ఎక్కువ ఐకాన్లు కనపడగానే తెలిసిపోయాయి, అవి సరిచేసుకున్నాం. ఒక్క ఐకాన్ మిగిలిపోయింది. ఈ రోజు మార్కెట్‌కి సెలవు అని చూపించే పేజీలో ఉన్న మిర్చి బొమ్మ. మేము పరీక్షించిందంతా మార్కెట్ నడిచే రోజుల్లోనే. ఆ పేజీ మా కంటపడలేదు.

సెలవు రోజు పొద్దున్నే పరకాల వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. "అమ్మా, ఫోన్ల ఏం కనవడ్తలేదు, తెల్లగుంది. మిర్చి తోల్కపోవాల్నా వద్దా?" ఆయన అప్పటికే ట్రాలీ మాట్లాడుకుని ఉన్నాడు. సెలవు అన్న ఒక్క ముక్క చెప్పడానికే ఆ పేజీ ఉంది. సరిగ్గా ఆ పేజీ తెల్లగా అయిపోయింది.

లోపల జరిగింది ఇది. రియాక్ట్ ఆ ఐకాన్‌ని ఒక ట్యాగుగా గీయబోయింది. చేతిలో ఉన్నది స్ట్రింగ్ కాబట్టి, స్లాష్‌తో మొదలయ్యే ఆ చిరునామానే ట్యాగు పేరనుకుని బ్రౌజర్‌ని అడిగింది. అలాంటి పేరుతో ట్యాగు ఉండదు అని బ్రౌజర్ ఎర్రర్ ఇచ్చింది. ఆ ఎర్రర్‌ని పట్టుకోవడానికి మేము ఏమీ పెట్టలేదు. రియాక్ట్ 16 నుంచి పద్ధతి ఏంటంటే, పట్టుకోని ఎర్రర్ వస్తే పేజీ మొత్తాన్ని తీసేస్తుంది. ఒక్క మిర్చి బొమ్మ కోసం అక్షరాలు కూడా పోయాయి.

పెద్దాయనకి సెలవని చెప్పాను, ట్రాలీ ఆపుకున్నాడు. ఆయన ఫోన్ చేశాడు కాబట్టి తెలిసింది. చేయని వాళ్లు ఎంతమందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి చీటీ రాసేటప్పుడు చెయ్యి ఆపి ఒకసారి అడుగుతాను, నా బండ్లర్ నిజంగా ఏం ఇస్తోంది అని. కన్సోల్‌లో ఒక్కసారి ప్రింట్ చేసి చూడండి. స్ట్రింగ్ వస్తే స్ట్రింగ్ అని రాయండి. ఫంక్షన్ వస్తే కాంపొనెంట్ అని రాయండి. ముందు సరుకు, తర్వాత చీటీ.

ఇంకో సంగతి కూడా అప్పుడే అర్థమైంది. వీట్ బిల్డ్ చేసేటప్పుడు టైపులు తప్పా ఒప్పా చూడదు, వాటిని తీసి పక్కన పెట్టేస్తుంది. కాబట్టి బిల్డ్ అయిందంటే టైపులు సరిగ్గా ఉన్నట్టు కాదు. కంపైలర్ ఒప్పుకుందంటే బిల్డ్ అవుతుందనీ కాదు. రెండూ విడివిడిగా నడపాలి.

ఇప్పుడు మేము ఎలా చేస్తున్నామో చెప్తాను. చిరునామా కావాలంటే మామూలుగా డాట్ ఎస్‌వీజీ అని ఇంపోర్ట్. కాంపొనెంట్ కావాలంటే దారి చివర ప్రశ్నార్థకం పెట్టి రియాక్ట్ అని రాస్తాం. దీనికి వీట్ ప్లగిన్ ఎస్‌వీజీఆర్ అనేది వేసుకోవాలి. అక్షరాలే కావాలంటే ప్రశ్నార్థకం పెట్టి రా అని, ఆర్ ఏ డబ్ల్యూ. మూడు రకాల సరుకుకి మూడు పేర్లు, మూడు చీటీలు. ఇంపోర్ట్ లైను చదివితే చాలు, చేతికి ఏం వస్తుందో కొత్తవాళ్లకి కూడా తెలుస్తుంది. ఈ చీటీలు మీరు రాయక్కర్లేదు. వీట్ స్లాష్ క్లయింట్ అనే టైపుల ఫైలు వీట్‌తోపాటే వస్తుంది, ప్లగిన్‌కి కూడా దాని క్లయింట్ ఫైలు ఉంటుంది. వాటిని టైప్‌స్క్రిప్ట్ సెట్టింగులు ఉండే టీఎస్‌కాన్ఫిగ్ ఫైలులో టైప్స్ కింద కలుపుకోండి. పాత చీటీ ఏదైనా మిగిలి ఉంటే తీసెయ్యండి.

కాంపొనెంట్ చీటీ మీరే రాయాల్సి వస్తే రకం కొంచెం పొడుగు. రియాక్ట్ డాట్ ఎఫ్‌సీ, దాని లోపల రియాక్ట్ డాట్ ఎస్‌వీజీ ప్రాప్స్, దాని లోపల ఎస్‌వీజీ ఎస్‌వీజీ ఎలిమెంట్. రెండుసార్లు ఎస్‌వీజీ వచ్చింది, తప్పు కాదు, ఎస్‌వీజీ అనే ట్యాగుకి బ్రౌజర్‌లో పేరే అది. ఇక్కడ ఒక గుంట ఉంది, నాకు ఒక రోజంతా పట్టింది కాబట్టి నిదానంగా చెప్తాను. రియాక్ట్ అన్న పేరు వాడుతున్నాం కదా అని ఫైలు పైన ఇంపోర్ట్ రియాక్ట్ అని రాస్తాం. రాయగానే ఆ ఫైలు స్వభావమే మారిపోతుంది. అప్పటిదాకా అది ఊరంతటికీ వేసిన దండోరా. పైన ఇంపోర్ట్ పడగానే టైప్‌స్క్రిప్ట్ దాన్ని ఒక మాడ్యూల్‌గా లెక్కేస్తుంది, లోపల రాసిన డిక్లరేషన్, అప్పటికే ఉన్న ఏదో మాడ్యూల్‌కి చేర్పు అవుతుంది తప్ప కొత్త ప్రకటన కాదు. దండోరా ఇంటి గోడలు దాటదు. చీటీ కళ్ల ముందే ఉంటుంది, 2307 మళ్లీ వస్తుంది. ఆ ఇంపోర్ట్ లైన్‌ని డిక్లేర్ మాడ్యూల్ బ్రాకెట్ లోపలికి జరపండి, సరిపోతుంది. అప్పటికీ రాకపోతే టీఎస్‌కాన్ఫిగ్‌లో ఇన్‌క్లూడ్ చూడండి. చీటీ ఫైలు ప్రాజెక్టు మొదట్లో ఉండి, ఇన్‌క్లూడ్‌లో ఎస్‌ఆర్‌సీ ఒక్కటే ఉంటే కంపైలర్ దాన్ని చదవనే చదవడు.

రియాక్ట్ మీద కట్టిన నెక్స్ట్ జేఎస్ వాడేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. మీకు ఎర్రగీత వచ్చి ఉండదు. ఎస్‌వీజీకి నెక్స్ట్ జేఎస్ వాళ్లు ఎనీ, అంటే ఏ రకమైనా సరే, అని పెట్టారు. లోడర్లు రకరకాలుగా ఉంటాయి కాబట్టి వాటితో గొడవ రాకుండా అలా పెట్టారు, వాళ్ల ఇబ్బంది అర్థం చేసుకోదగ్గదే. కానీ మీరు సొంతంగా చీటీ రాసేటప్పుడు ఎనీ రాయకండి. ఎనీ అంటే ఖాళీ చీటీ. మా మిర్చి పేజీ ఎనీతో కూడా అలాగే తెల్లబడేది.

ఒక్కో ఫైలుకీ విడిగా చీటీ పెట్టే పద్ధతి కూడా ఉంది. 2023 మార్చిలో వచ్చిన టైప్‌స్క్రిప్ట్ 5.0లో అలౌ ఆర్బిట్రరీ ఎక్స్‌టెన్షన్స్ అనే సెట్టింగ్ పెట్టారు. లోగో డాట్ ఎస్‌వీజీ పక్కన లోగో డాట్ డీ డాట్ ఎస్‌వీజీ డాట్ టీఎస్ అని ఫైలు పెడితే, ఆ చీటీ ఆ ఒక్క బొమ్మకే. వందల ఐకాన్లు ఉంటే చేత్తో రాయడం కష్టం, స్క్రిప్టుతో పుట్టించుకోవాలి.

ఏ బొమ్మని కాంపొనెంట్‌గా తెచ్చుకోవాలి, ఏది చిరునామాగా ఉంచాలి అని అడుగుతారు. రంగు మారాల్సిన చిన్న ఐకాన్లు కాంపొనెంట్‌గా తెచ్చుకోండి. గీతకి రంగు అంకెలు కాకుండా కరెంట్ కలర్ అని రాయండి, చుట్టూ ఉన్న అక్షరాల రంగే బొమ్మకీ వస్తుంది. మన కాకతీయ తోరణం బొమ్మ లాంటివి, దాని మీద లతలు, హంసలు అన్నీ గీస్తే వేల అంకెలు అవుతాయి. దాన్ని కాంపొనెంట్ చేస్తే ఆ అంకెలన్నీ జావాస్క్రిప్ట్‌లో కలిసి ప్రతి ఫోన్‌కీ ముందే వెళ్తాయి. ఊళ్లలో నెట్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. చిరునామాగా ఉంచి ఇమేజ్ ట్యాగులో పెట్టండి, బ్రౌజర్ ఒకసారి తెచ్చుకుని దాచుకుంటుంది.

తెలుగులో పనిచేసే మనకి ఇంకొకటి ఉంది, ఇది ఇంగ్లీషు పాఠాల్లో దొరకదు. లోగోలో తెలుగు అక్షరాలు ఉన్నాయనుకోండి. మా మొదటి లోగోలో ఉండేవి. డిజైన్ చేసిన చెల్లెలి ల్యాప్‌టాప్‌లో ఎంతో అందంగా కనపడింది. అదే ఫైల్‌ని ఇమేజ్ ట్యాగులో పెడితే ఫోన్‌లో వేరే అక్షరాలు వచ్చాయి, చివరి అక్షరం సగం కోసుకుపోయింది. కారణం ఏంటంటే, ఇమేజ్ ట్యాగులో పెట్టిన ఎస్‌వీజీ బయటి నుంచి ఏ ఫైల్‌నీ తెచ్చుకోలేదు. పేజీలో మనం పెట్టుకున్న వెబ్ ఫాంట్ దానికి అందదు. ఫోన్‌లో ఉన్న ఫాంటుతో సర్దుకుంటుంది. ఆ ఫాంట్ వెడల్పు వేరు, అందుకే వ్యూబాక్స్ దాటి బయటికి పోయింది. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో అయితే ఆబ్జెక్ట్ టు పాత్ అని ఉంటుంది, దాంతో అక్షరాల్ని గీతలుగా మార్చి సేవ్ చేయండి. వత్తులు, గుణింతాలు ఎక్కడివక్కడ గీతలుగా నిలిచిపోతాయి, ఏ ఫోన్‌లోనైనా ఒకేలా ఉంటాయి. అసలు ఫైలు మాత్రం విడిగా దాచుకోండి, గీతలయ్యాక అక్షరం దిద్దడం కుదరదు. చూపు లేనివాళ్లకి స్క్రీన్ రీడర్ చదివి వినిపించాలి కాబట్టి ఇమేజ్ ట్యాగు ఆల్ట్‌లో ఆ పేరు తెలుగులో రాయడం మానకండి.

ప్రశ్నలు అడగండి. అక్కడ, కిటికీ పక్కన చెల్లి.

"అక్కా, యాప్ బాగానే నడుస్తోంది, కానీ జెస్ట్‌లో టెస్ట్ నడిపితే ఎస్‌వీజీ దగ్గర ఎర్రర్ వస్తోంది."

మంచి ప్రశ్న. జెస్ట్ అంటే టెస్టులు నడిపే పనిముట్టు, అది మీ బండ్లర్‌ని పిలవదు. ఎస్‌వీజీ ఫైల్‌ని తెరిచి జావాస్క్రిప్ట్ అనుకుని చదవబోతుంది. మొదటి అక్షరమే ట్యాగు గుర్తు, అక్కడే సింటాక్స్ ఎర్రర్. జెస్ట్ కాన్ఫిగ్‌లో మాడ్యూల్ నేమ్ మ్యాపర్ అని ఉంటుంది. డాట్ ఎస్‌వీజీతో ముగిసేవాటిని ఒక చిన్న నకిలీ ఫైలుకి మళ్లించండి. అయితే ఆ నకిలీ ఇచ్చేది కూడా అసలు ఇచ్చే రకమే అయ్యుండాలి. యాప్‌లో కాంపొనెంట్ వస్తుంటే నకిలీ కూడా కాంపొనెంట్ ఇవ్వాలి. నకిలీ స్ట్రింగ్ ఇస్తే టెస్ట్ ఒక మాట, యాప్ ఒక మాట అవుతుంది.

ఇంకెవరు? సరే తమ్ముడూ, చెప్పు.

"అక్కా, యూజర్లు అప్‌లోడ్ చేసిన ఎస్‌వీజీని కూడా కాంపొనెంట్‌గా చూపించొచ్చా?"

వద్దు. ఇంపోర్ట్ అనేది బిల్డ్ చేసేటప్పుడు జరిగేది, అప్పుడు మన ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లకే అది. అప్‌లోడ్ అయ్యేవి తర్వాత వస్తాయి. పైగా ఎస్‌వీజీ లోపల స్క్రిప్ట్ రాయొచ్చు. తెలియనివాళ్ల ఫైల్‌ని తెచ్చి నేరుగా పేజీలో కలిపితే ఆ స్క్రిప్ట్ మన పేజీలో నడిచే ప్రమాదం ఉంది. ఇమేజ్ ట్యాగులో పెడితే బ్రౌజర్ దాన్ని నడపదు. అప్‌లోడ్ బొమ్మలకి ఇమేజ్ ట్యాగే వాడు.

ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లు తెరవండి. టీ వచ్చేలోపు ఒక్కో ప్రాజెక్టూ చూద్దాం. మీ చీటీ ఫైలు ఒక పక్కన, కన్సోల్ ఒక పక్కన పెట్టుకోండి. ఇంపోర్ట్ చేసినదాన్ని ప్రింట్ చేసి, రెండూ కలవనివాళ్లు చెయ్యెత్తండి, మీ దగ్గరికి వస్తాను.